మిద్దె మీద పెట్టిన గాలి మీటరు దిక్కు తప్పు చూపిస్తోంది – నార్పల దగ్గర అరటి, చీనీ తోట

నార్పల_అరటి
శుక్రవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా నార్పల మండలం. నాలుగెకరాల అరటి, మూడెకరాల చీనీ (బత్తాయి). మందు కొట్టే ముందు గాలి ఎంత ఉంది, ఎటు నుంచి వస్తోంది అని కచ్చితంగా తెలుసుకోవాలని రెండు వారాల కిందట గాలి మీటరు సెట్టు తెప్పించాను. మూడు గిన్నెలు గిరగిరా తిరిగేది ఒకటి, బాణం మాదిరి తిరిగేది ఒకటి. రెండూ ఒకే అడ్డకమ్మీకి బిగించుకోవాలి. ఈఎస్‌పీ 32 బోర్డుకు (రీడింగులు చదివే చిన్న కంప్యూటరు పలక) కలిపి, నెట్‌లో దొరికిన ప్రోగ్రాం ఎక్కించి, మిద్దె మీద ఆరడుగుల పైపుకు బిగించాను.

సాయంత్రం దుమ్ము లేచిపోతూ ఉంటుంది, కొబ్బరి మట్టలు కొట్టుకుంటూ ఉంటాయి, మీటరు మాత్రం 7, 8 దగ్గరే ఆగిపోతుంది. ఇది ఆషాఢం. మా దగ్గర గాలి పడమటి నుంచి తప్ప ఇంకో దిక్కు నుంచి రాదు. మీటరేమో ఆగ్నేయం అంటుంది, అది కూడా నిలకడగా ఉండదు. ఇంకోటి, ఉన్నట్టుండి 150, 180 అని ఒక్క క్షణం చూపించి మళ్లీ మామూలైపోతుంది. నేను ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి కాదు, చూసి నేర్చుకున్నవాణ్ణి. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

కర్నూలు_సర్క్యూట్
శుక్రవారం, రాత్రి 10:02

తమ్ముడూ, ముందు నాలుగు సంగతులు చెప్పు. ప్రోగ్రాంలో వేగం లెక్కకు ఏ అంకెతో గుణిస్తున్నావు? బాణం ఉన్న డబ్బా మీద చిన్న అచ్చుగా ఉత్తరం గుర్తు ఉంటుంది, అది ఎటు తిరిగి ఉంది? మీటరుకు దగ్గర్లో ట్యాంకు గానీ చెట్టు గానీ ఉందా? మీటరు నుంచి బోర్డు దాకా వైరు ఎంత పొడవు, అది కరెంటు వైరు పక్కనే వెళ్తోందా?

నార్పల_అరటి
శుక్రవారం, రాత్రి 10:31

అన్నా, గుణించే అంకె 1.492. అది దేనిదో నాకు తెలియదు, ప్రోగ్రాంలో ఎలా ఉందో అలాగే వదిలేశాను. ఉత్తరం గుర్తు ఉంటుందనే నాకు తెలియదు, రేపు ఎక్కి చూస్తాను. నీళ్ల ట్యాంకు ఉంది. మీటరుకు పడమటి పక్కన, ఐదడుగుల దూరం. ట్యాంకు దిమ్మెతో కలిపి మీటరు ఎత్తే ఉంటుంది. వైరు పదిహేను మీటర్లు. మోటారు స్టార్టరుకు పోయే సర్వీసు వైరుతో కలిపి ఒకే పైపులో దింపాను.

కర్నూలు_సర్క్యూట్
శుక్రవారం, రాత్రి 10:58

అయితే నీ మీటరు బాగానే ఉంది. నువ్వు చెప్పిన ప్రతి దాంట్లో ఒక్కో తప్పు ఉంది. ముందు తేలికైనది.

గిన్నెల కింద చిన్న అయస్కాంతం తిరుగుతుంది. అది రీడ్ స్విచ్ దగ్గరకు వచ్చినప్పుడల్లా స్విచ్ ఒకసారి మూసుకుంటుంది. మనం లెక్కపెట్టేది ఆ టిక్కులనే. ఈ తరహా సెట్లలో సెకనుకు ఒక టిక్కు పడితే గాలి గంటకు 2.4 కిలోమీటర్లు. అదే మైళ్లలో చెబితే 1.492. ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు మైళ్లు వాడే దేశంవాళ్లు. నువ్వు మైళ్లను కిలోమీటర్లని చదువుతున్నావు. 1.492 తీసి 2.4 పెట్టు. నీ 7.5 అక్కడికక్కడే 12 అవుతుంది.

కడప_మాస్టారు
శనివారం, ఉదయం 6:20

పైన చెప్పినది సరైన మాట. కానీ 12తో కూడా లెక్క కుదరదు బాబూ. నేల మీద దుమ్ము, కాగితాలు లేస్తున్నాయంటే గాలి గంటకు 20 నుంచి 28 కిలోమీటర్లు ఉన్నట్టు. 1805లో బ్యూఫోర్ట్ అనే నావికాధికారి వేసిన కొలమానంలో అది నాలుగో మెట్టు. ఆకులు కదిలితే రెండో మెట్టు, చిన్న చెట్లు మొత్తంగా ఊగితే ఐదు, గొడుగు పట్టుకోవడం కష్టమైతే ఆరు. మీటరు లేనప్పుడు కంటితో చూసి చెప్పడానికీ, మీటరు ఉన్నప్పుడు దాన్ని నిలదీయడానికీ పనికొస్తుంది. నేను పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు బడి వేపచెట్టునే చూపించేవాణ్ణి.

మిగతా వేగాన్ని తినేసింది నీ ట్యాంకు. పారే కాలువలో బండరాయి ఉంటే దాని వెనకాల నీళ్లు సుడి తిరుగుతాయి, ఒక్కోచోట వెనక్కి కూడా పారతాయి. పడమటి గాలికి ట్యాంకు ఆ బండ. నువ్వు మీటరును సరిగ్గా ఆ సుడిలో పెట్టావు. బాణం నిలకడగా ఉండకపోవడానికి కారణం అదే.

ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పే పద్ధతి ప్రకారం గాలి కొలిచే మీటరు బయలు నేల మీద 10 మీటర్ల ఎత్తున ఉండాలి. చుట్టుపక్కల అడ్డం ఎంత ఎత్తుంటే దానికి కనీసం పది రెట్ల దూరం ఉండాలి. ఆరు మీటర్ల కొబ్బరిచెట్టుకు అరవై మీటర్లు. మిద్దె మీద ఇంకో చిక్కు ఉంది. గోడకు తగిలిన గాలి పైకి లేచి పిట్టగోడ అంచున వేగం పుంజుకుంటుంది, ఆ వెనకనే సుడి పడుతుంది. ట్యాంకు తీసేసినా మిద్దె మీద రీడింగు మిద్దె గాలిదే అవుతుంది గానీ తోట గాలిది కాదు.

పుట్లూరు_చీనీ
శనివారం, ఉదయం 8:45

నాయనా, నేను నలభై ఏళ్లుగా సేద్యం చేస్తున్నా. కల్లంలో వేరుశనక్కాయ తూర్పార పట్టేటప్పుడు చేటలోంచి పొట్టు ఎటు పోతుందో చూసి నిలబడేవాళ్లం. గాలి దిక్కు తెలియని రైతు ఉంటాడా? ఈదురుగాలి వచ్చి అరటి పడిపోయేది ఉంటే మీటరు ఆపుతుందా? ఖర్చు పెట్టే ముందు ఇది దేనికో నాకు అర్థమయ్యేలా చెప్పు. తప్పు పట్టడానికి కాదు, మా అబ్బాయి కూడా కొంటానంటున్నాడు, అందుకే అడుగుతున్నా.

నార్పల_అరటి
శనివారం, ఉదయం 9:30

పెద్దాయనా, మీరు అడిగారు కాబట్టి చెప్తాను. మా చీనీ తోటకు తూర్పున గట్టు అవతల మా పెద్దమ్మ వాళ్ల మల్బరీ ఉంది. ఒకటిన్నర ఎకరం. పోయిన నెల నేను చీనీకి మంగు నల్లి మందు కొట్టాను. పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టాను, గాలి లేదనే అనుకున్నాను. తొమ్మిదింటికి పడమటి గాలి లేచింది. ఇంకో నాలుగు సాళ్లే ఉన్నాయి కదా అని ఆపలేదు. పెద్దమ్మ ఆ రోజు సాయంత్రం గట్టు పక్క ఆకు కోసి పట్టుపురుగులకు వేసింది. తెల్లారేసరికి తట్టల్లో పురుగులు తల పైకెత్తి పచ్చగా కక్కుకుంటున్నాయి. రెండు రోజుల్లో సగం పంట పోయింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. తట్టలు కడుగుతూ, 'గాలి ఎటుందో చూసుకోవాల్సింది నాయనా' అంది, అంతే.

నాకు గాలి దిక్కు తెలియక కాదు. ఎంత గాలి ఉంటే ఆపాలో, ఏ గంటకు లేస్తుందో లెక్క లేక. దానికే ఈ మీటరు.

కదిరి_మల్బరీ
శనివారం, ఉదయం 11:10

చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. మాకూ ఒకసారి ఇలాగే జరిగింది. పక్కతోట టమాటా మందు. పట్టుపురుగు కూడా పురుగే కదా, పురుగుమందు ఆకు మీద ఆవగింజంత ఉన్నా తట్టుకోదు. చాకీ పురుగులు, అంటే పసి పురుగులైతే ఇంకా నాజూకు.

ఒక్క సంగతి ఆలోచించండి. మీ మీటరు ఆగ్నేయం అని చూపిస్తోంది. ఆగ్నేయం నుంచి గాలి వస్తే మందు వాయవ్యానికి పోతుంది, మల్బరీకి ఏమీ కాదు. ఆ రీడింగు నమ్మి మందు కొడితే నేరుగా పెద్దమ్మ గారి తోట మీదికే పోతుంది. దిక్కు సరిచేసేదాకా దాన్ని చూసి మాత్రం మందు కొట్టకండి.

ఉరవకొండ_గాలిమర
శనివారం, మధ్యాహ్నం 1:25

నేను ఉరవకొండ, వజ్రకరూరు వైపు గాలిమరల దగ్గర ఇంజనీరుగా పనిచేస్తున్నాను. గాలి కొలిచే మాస్తులు (ఎత్తైన స్తంభాలు) ఎక్కి దిగడమే నా పని. ముందే చెబుతున్నా, అన్న కాదు, అక్క అనండి.

మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో రామగిరి కొండల మీద 1990ల నుంచీ గాలిమరలు తిరుగుతున్నాయి. ఒక మర నిలబెట్టే ముందు ఆ చోట గాలిని కనీసం ఏడాది పాటు కొలుస్తారు. గాలిలోని శక్తి వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. అందుకే కొలతలో పది శాతం తప్పు మాకు ముప్పై శాతం తప్పు. ఇలాంటి చోట ఒకసారి మాస్తు మీద బాణం డబ్బాను తొంభై డిగ్రీలు అటుగా బిగించి దిగిపోయారు. ఎవరూ గమనించలేదు. వాన గాలి మొత్తం ఉత్తరం నుంచి వచ్చినట్టు నెల రోజుల లెక్క వచ్చింది. అప్పటి నుంచి నేను దిగేముందు బాణం ముక్కును చేత్తో పట్టుకుని తెలిసిన గుర్తు వైపు తిప్పి, కింద ఉన్నవాళ్లను రీడింగు చదవమంటాను. ఆ పని అయ్యాకే నట్టు బిగిస్తాను.

మీరు కూడా అదే చేయండి. బాణం ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది, తోక గాలి పోయే వైపు. పడమటి గాలి అంటే పడమటి నుంచి వచ్చేది, 270 డిగ్రీలు. ఉత్తరం 0, తూర్పు 90, దక్షిణం 180. ముక్కును పడమటికి పట్టుకున్నప్పుడు 135 చూపిస్తే మీ ఉత్తరం గుర్తు 135 డిగ్రీలు పక్కకు, అంటే ఆగ్నేయానికి తిరిగి ఉన్నట్టు.

బెళుగుప్ప_బీటెక్
శనివారం, మధ్యాహ్నం 2:40

అక్కా, ఉత్తరం కచ్చితంగా పట్టుకోవడం ఎలా? నా ఫోన్ దిక్సూచి ఒక్కోసారి ఒక్కోటి చూపిస్తుంది. పైపు దగ్గరకు పోతే అసలే తిరిగిపోతుంది.

ఉరవకొండ_గాలిమర
శనివారం, మధ్యాహ్నం 3:05

ఇనుప పైపు దగ్గర ఏ దిక్సూచీ పనిచేయదు. ఐదారు మీటర్లు దూరం జరిగి చూడాలి. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒకటి రెండు డిగ్రీలకు మించదు, అది వదిలేయొచ్చు. ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచి మీ చోటి నుంచి దూరంగా కనిపించే గుడి గోపురమో సెల్ టవరో ఏ కోణంలో ఉందో చూసుకుంటే ఇంకా మంచిది. మాస్టారు గారికి ఇంకా పాత పద్ధతి తెలిసే ఉంటుంది.

కడప_మాస్టారు
శనివారం, సాయంత్రం 5:15

తెలుసమ్మా, నాకు ఇష్టమైనది కూడా. శంకువు పద్ధతి. ఇళ్లకు, గుడులకు దిక్కులు సాధించింది దాంతోనే.

చదునైన నేల మీద మీటరు పొడవు కర్రను నిటారుగా పాతండి. తూకానికి దారానికి రాయి కట్టి చూడండి. ఉదయం పదిన్నరకు నీడ కొన దగ్గర మేకు కొట్టి, కర్ర మొదలు నుంచి అంత దూరంతో తాడు పట్టి వృత్తం గీయండి. నీడ తగ్గుతూ తగ్గుతూ మళ్లీ పెరిగి మధ్యాహ్నం ఆ వృత్తాన్ని తాకిన చోట రెండో మేకు. రెండు మేకుల మధ్య గీత తూర్పు పడమరలు. దానికి లంబం ఉత్తర దక్షిణాలు. మబ్బు అడ్డొస్తే ఇంకో రోజు.

ఓపిక లేకపోతే మిట్టమధ్యాహ్నం నీడ చూడండి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అనంతపురం 77.6 దగ్గర ఉంది. సూర్యుడు మనకు ఇరవై నిమిషాలు ఆలస్యం. జూన్, జూలైలో 12:17, 12:26 మధ్య నీడ సరిగ్గా ఉత్తర దక్షిణాల మీద పడుతుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. మే మొదటి నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. కాబట్టి ఇప్పుడు మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. మీటరు కర్రకు జానెడు కూడా ఉండదు, పద్నాలుగు సెంటీమీటర్లంత. ఆ కొనను ఉత్తరం అనుకుంటే దిక్కు మొత్తం తలకిందులు.

రాత్రిపూట అయితే ధ్రువ నక్షత్రం. మన అక్షాంశం ఎంతో అంతే ఎత్తున, అంటే దిగంతానికి పదిహేను డిగ్రీల పైన ఉంటుంది. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే పిడికిలిన్నర ఎత్తు.

నార్పల_అరటి
ఆదివారం, సాయంత్రం 6:50

ఎక్కి చూశాను. బాణం డబ్బా అంచు కింద, వేలుగోరంత అక్షరం. దుమ్ము తుడిస్తే గానీ కనపడలేదు. అది సరిగ్గా మా వంటింటి వైపు తిరిగి ఉంది. వంటిల్లు ఆగ్నేయ మూల కదా. అక్క చెప్పిన 135 అక్షరాలా అదే.

పక్కింటి తమ్ముడిని వెనక కూర్చోబెట్టుకుని తెల్లవారి ఐదున్నరకు తారు రోడ్డు మీద బండి మీద కూడా చూశాను. ఆకు కదలనప్పుడు. గిన్నెల మీటరును కర్రకు కట్టి తల పైకి ఎత్తి పట్టుకున్నాడు. ఫోన్‌లో జీపీఎస్ 30 దగ్గర నిలకడగా పోయాను. పాత అంకెతో 18 చూపించేది, 2.4 పెట్టాక 29. తిరిగి వచ్చేటప్పుడు 30. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ తీసి సగటు వేయమని ఎక్కడో చదివాను, ఉన్న కాస్త గాలీ అందులో కొట్టుకుపోతుంది.

ఇంకా మిగిలింది ఆ 150, 180.

కర్నూలు_సర్క్యూట్
ఆదివారం, రాత్రి 8:20

బండి పరీక్ష చాలా బాగా చేశావు.

ఆ ఉలికిపాటు అంకెలకు రెండు కారణాలు. ఒకటి, రీడ్ స్విచ్ మూసుకునేటప్పుడు దాని రేకులు అదురుతాయి. ఒక్క టిక్కును బోర్డు నాలుగైదుగా లెక్కపెడుతుంది. రెండు టిక్కుల మధ్య 10 మిల్లీసెకన్ల కంటే తక్కువ ఉంటే లెక్కపెట్టొద్దని ప్రోగ్రాంలో రాయి. అసలు గాలి గంటకు 240 కిలోమీటర్లు ఉంటే తప్ప అంత దగ్గరగా టిక్కులు రావు, కాబట్టి ఏమీ నష్టపోవు. రెండోది నీ స్టార్టరు. బోరు మోటారు పడిన ప్రతిసారీ పక్క వైరులో ఒక దెబ్బ పుడుతుంది. ఆ అంకెలు వచ్చిన వేళలు రాసి మోటారు వేళలతో పోల్చు, నీకే తెలుస్తుంది. సర్వీసు వైరు నుంచి ఒక అడుగైనా దూరం పెట్టి, జాలీ తొడుగున్న వైరు వేసి, ఆ జాలీని బోర్డు వైపు మాత్రమే ఎర్త్ చెయ్యి. రెండు వైపులా చేస్తే జాలీలోనే కరెంటు తిరుగుతుంది. టిక్కు వైరుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టు.

ఇంకొకటి. ఈ బాణం డబ్బాలో ఎనిమిది రెసిస్టర్లు, ఎనిమిది స్విచ్‌లు ఉంటాయి. ఒక్కో దిక్కుకు ఒక్కో వోల్టేజీ. ఉత్తరానికి 33 కిలో ఓమ్‌లు, తూర్పుకు 1, దక్షిణానికి 3.9, పడమరకు 120. పడమరకు వోల్టేజీ 3.05 దాకా పోతుంది. ఈఎస్‌పీ 32 ఆ పైకొసను సరిగ్గా చదవదు, పడమర, వాయవ్యం కలిపేస్తుంది. నీకేమో నాలుగు నెలలు పడమటి గాలే. అందుకని పుస్తకంలో పట్టికను నమ్మొద్దు. బాణాన్ని చేత్తో ఒక్కో దిక్కుకు తిప్పి, బోర్డు ఏ అంకె చదివితే ఆ అంకెనే పట్టికలో రాసుకో.

బెళుగుప్ప_బీటెక్
ఆదివారం, రాత్రి 9:05

నా దగ్గర ఆర్‌ఎస్ 485 రకం మీటరు ఉంది, దూరం వైరు మీద కూడా అంకెలు పంపగలిగేది. 300 మీటర్ల వైరు మీద కూడా బాగానే వస్తోంది. మొదటిరోజు ఏమీ రాలేదు, ఎ, బి వైర్లు అటూ ఇటూ మార్చితే వచ్చింది. బాడ్ రేటు (అంకెలు పంపే వేగం) 9600 అని అనుకున్నాను, డబ్బా మీద 4800 అని ఉంది. వచ్చిన అంకెను 10తో భాగిస్తే సెకనుకు మీటర్లు, దాన్ని 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు. కొనబోయేవాళ్లకు పనికొస్తుందని రాశాను.

ఉరవకొండ_గాలిమర
సోమవారం, ఉదయం 7:40

ఇప్పుడు చోటు సంగతి. మిద్దె వదిలేయండి. తోటలో మీకు బయలుగా ఉన్న చోటు ఏది?

నార్పల_అరటి
సోమవారం, మధ్యాహ్నం 12:10

చీనీకి, మల్బరీకి మధ్య గట్టు ఉంది అక్కా. చీనీ చెట్లు నాలుగు మీటర్లు. పడమటి వైపు అరటికి గాలి తగలకుండా అవిశె వేశాను, అది ఆరేడు మీటర్లు పెరిగింది, గట్టుకు నూట యాభై మీటర్ల దూరం. ఇంటికి 180 మీటర్లు.

ఉరవకొండ_గాలిమర
సోమవారం, రాత్రి 9:15

అవిశెకు నూట యాభై మీటర్లంటే సరిపోతుంది. చీనీ చెట్ల మధ్య పది రెట్ల దూరం దొరకదు కాబట్టి ఎత్తు పెంచుకోవాలి. 20 అడుగుల జీఐ పైపు ఒక్క ముక్కలో దొరుకుతుంది, అంటే ఆరు మీటర్లు. రెండంగుళాలది తీసుకోండి. కింద కాంక్రీటు దిమ్మె, దానికి కీలు పెట్టించండి. ఏడాదికోసారి పైపును పడుకోబెట్టి గిన్నెలు చూసుకోవాలి, నిచ్చెన వేసి ఎక్కే పని ఉండకూడదు. మూడు వైపులా 120 డిగ్రీల తేడాతో స్టే వైర్లు, బిగించుకోవడానికి టర్న్‌బకిల్స్. పైపు నిటారుగా లేకపోతే బాణం బరువు వైపు ఒరిగి ఆగిపోతుంది, చిన్న గాలికి తప్పు చూపిస్తుంది. స్పిరిట్ లెవెల్ రెండు వైపులా పెట్టి చూడండి.

గిన్నెలు అన్నిటికంటే పైన ఉండాలి. వాటి పక్కన పైపు పైకి పొడుచుకు రాకూడదు. పైపుకు ఎర్త్ తప్పనిసరి, మన దగ్గర మే నెల ఉరుములు మీకు తెలుసు. మెరుపులు ఉన్నప్పుడు ఎవరూ దాని దగ్గరకు పోవద్దు. పెద్దమ్మ గారికి కూడా చెప్పండి, గట్టు మీదే కదా.

సగటు సంగతి కూడా. వేగానికి పది నిమిషాల సగటు, దాంతోపాటు ఆ పది నిమిషాల్లో మూడు సెకన్ల పాటు వచ్చిన గరిష్ఠ విసురు, రెండూ రాసుకోండి. దిక్కుకు మామూలు సగటు వేయకూడదు. 350, 10 డిగ్రీలు, రెండూ దాదాపు ఉత్తరమే. కూడి రెండుతో భాగిస్తే 180, దక్షిణం అవుతుంది. ప్రతి రీడింగును సైను, కొసైను కింద విడగొట్టి విడివిడిగా సగటు తీసి మళ్లీ కలపాలి. ఇప్పుడు పడమటి గాలికి ఈ తప్పు బయటపడదు. కార్తీకంలో ఉత్తరం, ఈశాన్యం గాలి మొదలయ్యాక బయటపడుతుంది.

కడప_మాస్టారు
సోమవారం, రాత్రి 9:50

డ్రిప్పు నీళ్ల లెక్కకు కూడా ఈ మీటరు వాడుకోవచ్చు బాబూ. ఆషాఢం గాలికి ఆకు నుంచి నీరు ఆవిరవడం బాగా పెరుగుతుంది. నీటి లెక్క సూత్రాల్లో గాలి 2 మీటర్ల ఎత్తుది కావాలి. నీ ఆరు మీటర్ల రీడింగును 0.81తో గుణించు, పది మీటర్లదైతే 0.75తో. ఎత్తు పెరిగేకొద్దీ నేల రాపిడి తగ్గి గాలి వేగం పెరుగుతుంది కాబట్టి ఈ లెక్క.

గిన్నెలు ఎందుకు ఒకే వైపు తిరుగుతాయని ఎప్పుడైనా ఆలోచించావా? బోలు వైపు గాలి పట్టు, వీపు వైపు కంటే మూడు రెట్లకు పైన ఉంటుంది. 1846లో ఐర్లండ్‌లో రాబిన్సన్ నాలుగు గిన్నెలతో చేశాడు, 1926లో కెనడాలో పాటర్సన్ మూడు చాలని చూపించాడు. నీ మిద్దె మీద తిరిగింది ఆ మూడే.

పుట్లూరు_చీనీ
మంగళవారం, ఉదయం 7:00

పెద్దమ్మ సంగతి చదివినాక నేను అడిగిన మాటకు జవాబు దొరికింది. ఎన్ని కిలోమీటర్లు ఉంటే మందు ఆపాలి, అది కూడా చెప్పండి.

ఉరవకొండ_గాలిమర
మంగళవారం, ఉదయం 7:35

సాధారణంగా గంటకు 3 నుంచి 15 కిలోమీటర్ల మధ్య కొట్టమంటారు పెద్దాయనా. 15 దాటితే ఆపేయాలి. అసలు గాలే లేకపోతే మంచిదే కదా అనిపిస్తుంది, కాదు. తెల్లవారుజామున నేల చల్లబడి, పైన వెచ్చని గాలి మూతలా ఉంటుంది. సన్నని తుంపర కిందికి దిగకుండా పొగమంచు మాదిరి వేలాడుతూ తర్వాత ఎటో పోతుంది. కాస్త నిలకడైన గాలి, అది పొరుగు తోట వైపు పోనిది, అదీ కావలసింది.

ఈదురుగాలి గురించి మీరు మొదట అడిగారు. మీటరు దాన్ని ఆపదు. వాన ముందు గాలి నిమిషాల్లో వచ్చేస్తుంది. కానీ రెండేళ్లు రాసిపెడితే ఏ దిక్కు నుంచి పెద్ద విసుర్లు వస్తాయో తెలుస్తుంది, అరటికి వెదురు బొంగుల ఊతం ఏ వైపు కట్టాలో, అవిశె ఏ అంచున వేయాలో తేల్చుకోవచ్చు.

నార్పల_అరటి
పన్నెండు రోజుల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30

పైపు నిలబెట్టాం. గుంత తీయడానికి పెద్దమ్మ కొడుకు వచ్చాడు. మాస్టారు చెప్పినట్టు కర్ర పాతి నీడ చూశాను. మొదటి రోజు మబ్బు, రెండో రోజు కుదిరింది. మధ్యాహ్నం నీడ నిజంగానే దక్షిణానికి, జానెడు కన్నా పొట్టిగా పడింది. దారం లాగి సున్నంతో గీత గీశాను. పైపు నిలబెట్టే ముందు బాణం ముక్కును ఆ గీత వెంబడి ఉత్తరానికి పట్టి 0 వచ్చేదాకా తిప్పి నట్టు బిగించాను. నిలబెట్టాక ఒక్కసారి వెనక్కి నిలబడి చూస్తే పడమటికి తిరిగింది. ఫోన్‌లో 270.

బోర్డు పైపు మొదట్లో డబ్బాలో పెట్టి చిన్న సోలార్ పలక పెట్టాను, రీడింగు ఇంటికి లోరా (తక్కువ కరెంటుతో దూరం పోయే) రేడియో మీద వస్తోంది, 866 మెగాహెర్ట్జ్. వైరు డబ్బాలోకి పోయే ముందు కిందికి ఒక వంపు ఇచ్చాను, నీళ్లు అక్కడే కారిపోతాయి. ఉలికిపాటు అంకెలు ఒక్కటీ రాలేదు.

ఈ వారం లెక్క ఇది. తెల్లారి ఐదున్నర నుంచి ఏడు దాకా 5 నుంచి 9. ఎనిమిదింటికి 14. తొమ్మిది దాటాక 20కి పైన, సాయంత్రం విసుర్లు 45 దాకా. ఆ రోజు నేను ఏడున్నరకు మొదలుపెట్టి తొమ్మిది దాటాక కూడా కొట్టాను. చివరి నాలుగు సాళ్లు ఏ గాలిలో కొట్టానో ఇప్పుడు అంకెల్లో కనిపిస్తోంది.

దిక్కు మాత్రం రోజంతా పడమరే. తెల్లవారి కూడా పెద్దమ్మ తోట వైపే. గట్టు పక్క ఎనిమిది సాళ్లకు ఎప్పుడు కొట్టాలో తెలియడం లేదు.

కదిరి_మల్బరీ
ఆదివారం, రాత్రి 9:10

దానికి మీటరు ఒక్కటే చాలదు, పెద్దమ్మ గారి పంట ఏ దశలో ఉందో కూడా చూసుకోండి. పురుగులు చంద్రికల (గూళ్లు అల్లుకునే తడికల) మీదికి ఎక్కినాక ఆకు తినవు. ఆకు అంతా కోసేసి కొమ్మలు కత్తిరిస్తారు, తోటలో మోళ్లే ఉంటాయి. మళ్లీ ఆకు కోతకు రావడానికి నెలన్నర పడుతుంది. ఆ సందులో మొదటి రెండు మూడు రోజుల్లో మీరు గట్టు పక్క కొట్టుకోండి, తక్కువ గాలి ఉన్న గంటలో. మందు డబ్బా మీద ఉన్న గడువు కూడా చూసి ఆమెకు చెప్పండి. ఈ ఎనిమిది సాళ్లకు ముందు రోజే మాట అనుకోండి.

నార్పల_అరటి
వారం తర్వాత, శనివారం, ఉదయం 8:05

పెద్దమ్మ కొత్త విడత పురుగులు గురువారం చంద్రికలెక్కాయి. నిన్న కొమ్మలు కత్తిరించారు. ఈ రోజు 5:40కి మొదలుపెట్టాను, 6 కిలోమీటర్లు, పడమర. పెద్దమ్మ గట్టు మీద పైపు పక్కన నిలబడి నా ఫోన్ పట్టుకుంది. 6:50కి '12 అంటోంది నాయనా' అని కేకేసింది. అప్పటికి ఏడు సాళ్లు అయ్యాయి. ఎనిమిదోది రేపు తెల్లారి.